మూగనోము షాపులో ఆకాశం

కొందరి దగ్గర మాటలు లోపల ఉండి బయటికి రావా, లేక అసలు లోపలే ఉండవా? ఇన్నేళ్ళు చదివాను, ఇంతమందిని చూశాను, ఈ సంగతి మాత్రం నాకు ఇప్పటికీ తేలలేదు. ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లో ఎదురైంది కాదు. నాకు జుట్టు కత్తిరించే మనిషి దగ్గర ఎదురైంది.

ఆయన కటింగ్ షాపు మా వీధి మలుపులో, ఆయన ఇంటి ముందు గదిలోనే ఉండేది. ఒకటే కుర్చీ. దానికి ఎదురుగా గోడంతా అద్దం. అద్దం పక్కన వంటింట్లోకి గుమ్మం, గుమ్మానికి పూల కర్టెన్. కుర్చీ వెనక, అవతలి గోడకు ఆనించి, వంతు కోసం కూర్చునేవాళ్ళకు ఒక చెక్క బల్ల. బల్ల మీద పాత పేపర్లు, ఒక నీళ్ళ సీసా. గదంతా సబ్బు నురగ వాసన, వంటింట్లోంచి పోపు వాసన. రెండూ కలిసిన ఆ వాసన మీకు చెప్పి అర్థం చేయించలేను.

జుట్టు కత్తిరించేవాడంటే నాలుగు వీధుల కబుర్లూ నోట్లో నానుతూ ఉంటాయని అందరి నమ్మకం. ఈయన మాత్రం మనిషికి రెండు మాటలు కేటాయించేవాడు. కుర్చీ ఎక్కేటప్పుడు "కూర్చోండి", దిగేటప్పుడు "చూసుకోండి". మధ్యలో ఏం మాట్లాడినా కత్తెరే మాట్లాడాలి. అందుకని వీధి వీధంతా ఆయనకు మూగనోము అని పేరు పెట్టింది. చాటున కాదు, ముఖం మీదే అలా పిలిచేవారు. ఆయన పలికేవాడు కూడా. పలకడమంటే తల ఊపడం.

ఆయన భార్య ఒకసారి నాతో అంది: "పెళ్ళైన కొత్తలో ఈయనకు నేను నచ్చలేదేమో అని బెంగపెట్టుకున్నానండీ అన్నయ్యగారూ. తర్వాత తెలిసింది. ఈయన ఎవరితో అయినా ఇంతే. కోపం వచ్చినా ఇంతే, సంతోషం వచ్చినా ఇంతే. అమ్మాయి పుట్టిందని చెబితే 'మంచిది' అన్నాడు. అదే పెద్ద ఉపన్యాసం."

నాకు ఆ షాపు నచ్చడానికి కారణం అదే. జుట్టు పెరగకపోయినా వెళ్ళి ఆ బల్ల మీద కూర్చుని చదువుకునేవాణ్ణి. ఆయన అడిగేవాడు కాదు, నేను చెప్పేవాణ్ణి కాదు. అయితే నాలాంటి వాళ్ళతో షాపు నడవదు కదా. మనుషులు జుట్టు కత్తిరించుకోవడానికి మాత్రమే రారు, తలలో ఉన్నది కాస్త దించుకోవడానికి కూడా వస్తారు. ఆ పని ఈయన దగ్గర జరగదు. ఒక్కొక్కరే జారుకున్నారు.

ఎక్కడికి జారుకున్నారంటే, పెద్ద రోడ్డు మీద ఉన్న ఇంకో షాపుకి. అది ఎవరిదో కాదు, ఈయన భార్య సొంత అన్నది. నాలుగు కుర్చీలు, తలుపు తీస్తే చల్లటి గాలి, పొద్దున్నించి రాత్రిదాకా పాటలు. ఆ పాటల మీద ఆ బావగారి గొంతు. ఆయన నోటికి సెలవు లేదు. ఎవరి చుట్టం ఎవరో, ఎవరింట్లో ఎందుకు గొడవైందో, రేపు వాన పడుతుందో లేదో అన్నీ ఆయన దగ్గర ఉండేవి. మంచివాడే, చెల్లెలంటే ప్రాణం. అందుకే ఒక చలికాలం మొదట్లో వచ్చి, తన షాపులో ఒక కుర్చీ ఖాళీ అవుతోందని, ఇక్కడ ఈగలు తోలుకునే బదులు వచ్చి దాని దగ్గర నిలబడమని అడిగాడు. చెల్లెలి మనసు ఆ పక్కకే మొగ్గింది. ఈయన దువ్వెన తుడుచుకుంటూ ఉండిపోయాడు. కానీ ఆ సాయంత్రం నా మెడ వెనక కత్తెర ఆడిస్తూ ఆపి, "అక్కడ రోజంతా పాటలు పెడతారు సార్," అన్నాడు.

అంతే. మళ్ళీ కత్తెర కదిలింది. ఇంటికి వచ్చాక ఆ ఒక్క వాక్యాన్ని చాలాసేపు తిప్పి తిప్పి చూసుకున్నాను. ఆ గది, ఆ కుర్చీ, ఆ నిశ్శబ్దం పోతే తను ఏమైపోతాడో ఆయనకు తెలియదు. ఆ భయాన్ని చెప్పడానికి ఆయనకు దొరికిన మాటలు అవి.

ఆ రోజుల్లోనే వాళ్ళ అమ్మాయి, వేరే ఊళ్ళో నర్సు, కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కుని పాత కంప్యూటర్‌ను ఇంట్లో దింపి వెళ్ళింది. పాటలైనా పెట్టు నాన్నా, నలుగురూ కూర్చుంటారు అని చెప్పింది. ప్లగ్గు ఉన్నది బల్ల ఉన్న గోడకే, కాబట్టి తెరను ఆ గోడకే, మా తలల పైన, ఒక చెక్క మీద నిలబెట్టాడు. పాటలు పెట్టలేదు. అందులో ఆ అమ్మాయి చదువుకునే రోజుల్లో వేసుకున్న సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది. మనం ఉన్న ఊరు, తేదీ చెబితే ఆ రాత్రి ఆకాశాన్ని తెర మీద పరుస్తుంది. చుక్క మీద మౌస్ నొక్కితే పేరు చెబుతుంది. కాలాన్ని ముందుకు తోస్తే చుక్కలన్నీ తూర్పు నుంచి పడమరకు నడుస్తాయి. మిట్టమధ్యాహ్నం కూడా చీకటి చేసుకోవచ్చు.

ఎవరూ రాని ఒక మధ్యాహ్నం ఆయన దాన్ని తెరిచాడు. ఆ తర్వాత షాపు తెరిచి ఉన్నంతసేపూ దాన్ని మూయలేదు.

నేను మొదటిసారి చూసినప్పుడు బయట ఎండ ఫెళ్ళున కాస్తోంది. చదువుతున్న పేజీ మీంచి తలెత్తాను. ఎదురుగా అద్దంలో, కుర్చీలో కూర్చున్న బస్సు డ్రైవరు తల వెనక, సాయంత్రం అవుతోంది. ఆకాశం నీలం నుంచి నలుపుకు దిగింది. ఒక్కొక్క చుక్కా పొడిచింది. డ్రైవరు కదలడం మానేశాడు. కర్టెన్ తీసి ఇల్లాలు తొంగిచూసింది. "పట్టపగలే చుక్కలు చూపిస్తున్నాడండీ ఈ మనిషి, ఇన్నాళ్ళూ నాకు ఒక్కదానికే చూపించేవాడు," అని నాతో అని, కర్టెన్ మాత్రం పూర్తిగా వేయకుండా వెళ్ళింది.

మొదట చుక్కల పక్కన పేర్లు కూడా కనిపించేవి. డ్రైవరు వాటిని చదవబోయి, ఇదేదో మన భాష కాదని విసుక్కున్నాడు. అద్దంలో అక్షరాలు తిరగబడి ఉన్నాయి మరి. అందరూ అదే గోల పెట్టేసరికి ఆయన పేర్లు కనిపించకుండా ఆపేశాడు. అప్పుడు చుక్కలు మాత్రమే మిగిలాయి, చూడ్డానికి ఇంకా బాగుంది. పొద్దున్నే షాపు తెరిచాక నాలుగు చుక్కల పేర్లు నొక్కి చూసుకునేవాడు, రోజంతా అద్దంలో వాటి జాడ కనిపెట్టుకునేవాడు.

అలా కొన్నాళ్ళు గడిచాక డ్రైవరు మళ్ళీ కుర్చీ ఎక్కాడు. "నా భుజం మీద కూర్చుంది, ఏంటయ్యా అది, అంత వెలుగు?" అని ఊరికే అడిగాడు. జవాబు వస్తుందని ఆయనా అనుకోలేదు, నేనూ అనుకోలేదు.

"లుబ్ధకం," అన్నాడు మూగనోము. కత్తెర ఆగింది. "రాత్రి ఆకాశంలో దాన్ని మించిన వెలుగున్న చుక్క లేదు. సూర్యుణ్ణి వదిలేస్తే."

నేను పుస్తకం మూశాను. వంటింట్లో కూర తిప్పుతున్న చప్పుడు ఆగింది.

ఆయన అక్కడితో ఆపలేదు. మీ తల మీద మూడు చుక్కలు వరసగా ఉన్నాయే, అవి వేటగాడి బొమ్మలా ఉన్న చుక్కల గుంపుకు నడుము పట్టీ అన్నాడు. అక్కణ్ణించి కుడి భుజం వైపు దిగితే లుబ్ధకం. ఎడమ వైపు చెవి మీదుగా పైకి పోతే ఎర్రగా రోహిణి, ఇంకా పోతే గుప్పెడు చుక్కలు, కృత్తికలు. పేర్లు మనం అందరం వింటూ పెరిగినవే. కానీ అవి ఒక డ్రైవరు చెవి మీదుగా, భుజం మీదుగా నడుస్తుంటే, ఎవరింటి కబురో విన్నట్టే ఉంది. డ్రైవరు లేచి బయటికి వెళ్ళి, మూగనోము మాట్లాడుతున్నాడని మలుపు దగ్గర ఉన్నవాళ్ళందరికీ చెప్పాడు.

ఇక చూడాలి ఆ షాపు. వినడానికి ఒకరు వస్తే, వినేవాణ్ణి చూడ్డానికి ఇంకొకరు. ఆకాశానికి గుర్తులన్నీ తలలే. ఫలానావాడి బట్టతల మీద సప్తర్షులు బాగా ఆనుతారని ఒకరంటే, నాకు చీకటి పడేటప్పుడే మొదలుపెట్టు, తెల్లారాక వద్దు అని ఇంకొకరు. గడ్డం సగంలో ఉండగా తెల్లారిపోయిందని ఒకాయన గొడవపడితే, కాలాన్ని వెనక్కి లాగి ఆయనకు మళ్ళీ రాత్రి ఇచ్చారు. నా చదువు మాత్రం ఆ బల్ల మీద సాగలేదు. ఒకే పేజీ మీద వారం రోజులు ఉన్నాను. దానికి నేనేమీ బాధపడలేదు.

ఈ సంగతి బావగారి చెవిన పడకుండా ఉంటుందా? ఒకరోజు వచ్చి, చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. చివరికి నవ్వాడు. కంప్యూటర్లో ఏమైనా చూపించొచ్చు, ఏనుగు ఎగురుతున్నట్టు కూడా చూపించొచ్చు, అదొక లెక్కా అన్నాడు. తర్వాత కొంచెం గొంతు తగ్గించాడు.

"ఇది ఎన్నాళ్ళ ముచ్చట బావా? బొమ్మ పాతబడితే వీళ్ళు మళ్ళీ రారు. నా కుర్చీ నెలాఖరు దాకా ఖాళీగా ఉంచుతాను. సరే, ఒక మాట. నిజం ఆకాశంలో ఇవన్నీ చూపించు. చూపిస్తే ఆ కుర్చీ మాట మళ్ళీ ఎత్తను. చూపించలేకపోతే ఇది మూసి వచ్చెయ్యాలి."

మూగనోము తల ఊపాడు. కర్టెన్ వెనక ఆవిడ నిలబడే ఉందని కింద కనిపిస్తున్న పాదాలు చెబుతున్నాయి.

ఆయన ఇంటి పైన ఆకాశం చాలా సన్నం. అటూ ఇటూ పొడుగు మేడలు, మధ్యలో బెత్తెడు నీలం, ఎదురుగా వీధి దీపం. అందుకే ఆయన నిజం చుక్కలను అంతదాకా సరిగా చూడనేలేదు. నేనుండేది ఆ మేడల్లో ఒకదాని పై అంతస్తు. డాబా తాళం నా దగ్గర ఉండేది. ఆయన వచ్చి గుమ్మం బయటే నిలబడి, చెప్పుల వైపు చూస్తూ, "డాబా కావాలి సార్, ఒక్క సాయంత్రం," అన్నాడు.

చలి వెనక్కి తగ్గుతున్న రోజులు. చీకటి పడగానే అందరూ ఎక్కారు. డ్రైవరు యూనిఫాం మీదే వచ్చాడు. బావగారు వచ్చాడు, ఆయన వెంట ఆయన కబుర్లు వచ్చాయి. ఇల్లాలు కింద నుంచి ఒక ప్లాస్టిక్ కుర్చీ మోసుకొచ్చింది, ఎవరికైనా కాళ్ళు నొప్పి పుడితే కూర్చోవడానికి. దక్షిణం వైపు ఆకాశం విప్పారి ఉంది. మూడు చుక్కల పట్టీ నడినెత్తికి కొంచెం కింద, ఎవరూ వేలు చూపించక్కర్లేనంత స్పష్టంగా ఉంది.

మూగనోము గొంతు సవరించుకున్నాడు. అది వేటగాడి నడుము పట్టీ అన్నాడు. అందరూ చూశారు, ఔనన్నారు. అక్కణ్ణించి కుడివైపు కిందికి దిగండి, లుబ్ధకం కనిపిస్తుంది, ఆకాశంలో దానంత చుక్క ఇంకోటి లేదు అన్నాడు.

అందరి తలలూ కుడివైపు దిగాయి. 

"అక్కడ నీళ్ళ ట్యాంకు ఉందయ్యా," అన్నాడు డ్రైవరు మర్యాదగా.

ఆయన కంగారుపడి, అయితే ఎడమవైపు పైకి పోండి, కృత్తికలు ఉంటాయి అన్నాడు. ఆ పక్కన వేరే ఏవో చుక్కలు ఉన్నాయి గానీ గుప్పెడుగా ఏవీ లేవు. ఆయన చెయ్యి గాలిలో అటూ ఇటూ తిరిగింది, ఎక్కడా ఆగలేదు.

"ఏం బావా, ఆకాశానికి కూడా కటింగ్ చేసేశావా?" అన్నాడు బావగారు. నవ్వు డాబా చుట్టూ తిరిగింది. చెడ్డ నవ్వు కాదు. కానీ మూగనోము చెయ్యి కిందికి దిగింది, నోరు మూతపడింది. నెలల తరబడి తెరుచుకుంటూ వచ్చిన నోరు అది. ఇక తెరుచుకోదేమో అనిపించింది నాకు. ఆయన పిట్టగోడ దగ్గరికి వెళ్ళి కింద వీధిలోకి, తన షాపు బోర్డు వైపు చూస్తూ నిలబడ్డాడు.

అప్పుడు ఆవిడ అంది, ఎవరితోనో కాదు, తనలో తను అనుకుంటున్నట్టు: "కృత్తికలు ఆ పక్కన ఎందుకు ఉంటాయి? ఈ పక్కన కదా."

"నీకేం తెలుసే," అన్నాడు అన్న.

"ఎందుకు తెలీదు అన్నయ్యా? రోజూ కూరలు తరుగుతూ చూస్తున్నానుగా. కుడివైపు పైన. ఎర్రదాన్ని దాటితే గుప్పెడు చుక్కలు. అవిగో."

చూశాం. ఉన్నాయి. ఎడమవైపు కింద, ఇందాకటి నుంచి మా అందరి ముఖాల మీదా వెలుగుతూనే ఉంది లుబ్ధకం.

మూగనోము వెనక్కి తిరిగాడు. "ఎక్కణ్ణించి చూశావ్?"

"గుమ్మంలోంచి. తెర నాకు ఎదురుగానే కదా."

ఆయన నెమ్మదిగా వేటగాడికి వీపు పెట్టి నిలబడ్డాడు. ఎదురుగా ఒక తల ఉన్నట్టు రెండు చేతులూ ఎత్తాడు, ఎడమ చేతిలో దువ్వెన, కుడి చేతిలో కత్తెర పట్టుకున్నట్టు. ఖాళీ గాలిలోకి, అద్దం ఉండాల్సిన చోటుకి చూశాడు. తర్వాత భుజం మీదుగా వెనక్కి, ఆకాశంలోకి చూశాడు.

"అద్దం," అన్నాడు. "నేను అంతా అద్దంలో నేర్చుకున్నాను."

ఆ మాట మా తలకెక్కడానికి కొంత సమయం పట్టింది. అక్షరాలు తిరగబడ్డాయని గోల పెట్టినవాళ్ళం, చుక్కలు కూడా తిరగబడి ఉంటాయని ఒక్కరమూ అనుకోలేదు. నేను కూడా ఆ బల్ల మీద కూర్చుని ఆ అద్దంలోకే చూశాను.

"బతుకంతా అద్దం ముందే నిలబడ్డావు," అన్నాడు బావగారు. "కుడి చెవి అనుకుని ఎవడి ఎడమ చెవైనా కోశావా ఎప్పుడైనా?"

"లేదు."

"మరి?"

"అది చేతికి తెలుసు బావా. నాకు తెలీదు."

ముందు ఆవిడ నవ్వింది, తర్వాత డ్రైవరు, ఆ తర్వాత ఆయన. ఆయన నవ్వు నేను వినడం అదే మొదలు. వయసుకు తగని సన్నటి నవ్వు, ఎక్కిళ్ళలా వచ్చింది.

బావగారు మాత్రం అంత తేలిగ్గా వదిలే రకం కాదు. చూపించింది నా చెల్లెలు, నువ్వు కాదు, మాట మాటే అన్నాడు. ఆయన ముఖంలో ఎగతాళి లేదు. నిజంగానే చెల్లెలి సంసారం గురించి ఆలోచిస్తున్నాడు.

మూగనోము వెళ్ళి ఆ ప్లాస్టిక్ కుర్చీని డాబా మధ్యకు లాగాడు. "కూర్చోండి," అన్నాడు డ్రైవరుతో. డ్రైవరు వేటగాడి వైపు తలెత్తి కూర్చున్నాడు. ఈయన వెనక నిలబడి, రెండు వేళ్ళు కణతల మీద ఆనించి, షాపులో తిప్పినట్టే ఆ తలను కొద్దిగా ఎడమకు తిప్పి, కొంచెం కిందికి వంచాడు. "కదలకండి. ఎదురుగా ఉన్నది లుబ్ధకం." తలను కుడివైపు పైకి తిప్పాడు. "ఇది రోహిణి. ఇంకొంచెం... ఇవి కృత్తికలు."

కుడీ ఎడమా అన్న గొడవే లేదు. చేతికి తెలిసినది చెయ్యి చేసింది. మాట దాని వెంట నడిచింది. డ్రైవరు లేవగానే ఇంకొకరు కూర్చున్నారు, తర్వాత నేను. ఆ వేళ్ళ కింద నా తల తేలిగ్గా, ఎవరో ఒక పుస్తకాన్ని సరైన పేజీ దగ్గర తెరిచినట్టు తిరిగింది. ఇన్నేళ్ళు నెత్తి మీదే ఉన్న ఆకాశం అప్పుడే ఎవరో వేలాడదీసినట్టుంది.

చివరికి బావగారు కూర్చున్నాడు. ఇతరుల తలలు తిప్పే మనిషి, తన తల ఇంకొకరి చేతిలో పెట్టి ఎన్నాళ్ళైందో, కాస్త ఇబ్బందిగానే కూర్చున్నాడు. మూగనోము ఆ తలను కృత్తికల వైపు ఎత్తి చెప్పడం మొదలుపెట్టాడు. ఇప్పుడు మన కంట్లో పడుతున్న ఆ వెలుగు మన తాతల తాతలకు ముందే అక్కణ్ణించి బయలుదేరిందట. మనకు గుప్పెడే కనిపిస్తాయి గానీ అక్కడ వందల చుక్కలు ఉన్నాయట, అన్నీ ఒకే మబ్బులో పుట్టిన తోబుట్టువులట. బావగారు మధ్యలో ఏదో అనబోయాడు. గడ్డం గీసేటప్పుడు చేసినట్టు ఈయన దవడ కింద వేలు పెట్టి పైకి ఎత్తాడు, ఆ నోరు మూతపడింది. ఇంకోసారి అనబోయాడు. మళ్ళీ వేలు. ఆ మనిషి అంతసేపు ఊరుకోవడం చూసి ఆవిడ చేత్తో నోరు మూసుకుంది.

లేచాక బావగారు మెడ తడుముకుంటూ చెల్లెలి దగ్గరికి వచ్చాడు.

"ఈయన్ని నా షాపుకి తీసుకెళ్ళను చెల్లెమ్మా. నా కుర్చీల దగ్గర ఒక నోరు చాలు."

"నిజంగానా అన్నయ్యా?"

"నిజంగానే. ఇంకొకణ్ణి చూసుకుంటాను. నువ్వు ఆ కర్టెన్ తీసెయ్, తెర నీకు బాగా కనిపిస్తుంది."

ఆవిడ ఆ కబురు చెప్పడానికి భర్త వైపు తిరిగింది. కానీ ఆయన వినే స్థితిలో లేడు. వేటగాడి భుజం మీద ఎర్రగా ఉన్నది ఏంటని డ్రైవరు అడిగాడు, అది ఆర్ద్ర అని ఈయన అందుకున్నాడు. అది ఎంత పెద్దదో, సూర్యుడి చోట దాన్ని పెడితే మన భూమి గతి ఏమౌతుందో చెబుతూ, డ్రైవరు మోచెయ్యి పట్టుకుని మెట్ల వైపు నడిచాడు. మిగతావాళ్ళు ఆ మాట ఎక్కడ ఆగిపోతుందో అన్నట్టు వాళ్ళ వెంటే దిగారు. ఆవిడ కుర్చీ తీసుకుని, పోయొస్తామండీ అన్నయ్యగారూ అని నాతో అని, ఆయన్ని పిలిచింది. ఆయనకు వినపడలేదు.

గొంతు ఒక్కో అంతస్తూ దిగడం విన్నాను. గేటు చప్పుడైంది. పిట్టగోడ మీద వంగి, తలెత్తి ఒకసారి చూస్తాడేమో, చెయ్యి ఊపుదామని నిలబడ్డాను. వీధి దీపం కింద ఆయన ఆగాడు, తలెత్తాడు కూడా. నా వైపు కాదు. డ్రైవరు తలను రెండు చేతులతో పట్టుకుని మేడల మధ్య సందులోకి తిప్పి, అక్కడ ఉన్నదేదో చెప్పాడు. తర్వాత అలా చెప్పుకుంటూనే, షాపు కూడా దాటి, మలుపు తిరిగి వెళ్ళిపోయాడు.